వెన్నుపాము మోడల్‌లో ఇంటరాసియై న్యూరాన్లు ఎక్కడ పెట్టాలి?

విశాఖలో ఫిజియోథెరపీ చదువుతున్నాను. సోమవారం కాలేజీ ఎగ్జిబిషన్‌కి థర్మోకోల్‌తో సీ8 (మెడ భాగంలోని ఎనిమిదో సెగ్మెంట్) దగ్గర వెన్నుపాము అడ్డుకోత చేస్తున్నాను. ముందు కొమ్ములో (బూడిదరంగు పదార్థం ముందు భాగంలో) మోటార్ న్యూరాన్ల, అంటే కండరాలను కదిలించే నాడీకణాల, గుంపులను పూర్ణా మార్కెట్లో కొన్న రంగు గుండుసూదులతో చూపించాలి.

మొండెం కండరాలవి లోపలి వైపు, చేతివి బయటి వైపు. చేతివాటిలో చాచే కండరాలవి ముందుకి, వంచేవి వెనక్కి. ఇంతవరకు గొడవ లేదు. తేడా వచ్చింది అరచేతి ఎముకల మధ్య ఉండే చిన్న కండరాలైన ఇంటరాసియైతోనే. అవి వేలి మొదటి కీలును వంచుతాయి, మిగతా రెండు కీళ్లను చాస్తాయి. మరి ఏ గుంపులో వేయాలి?

అనాటమీ పుస్తకాల బొమ్మల్లో ‘చేయి’ అని ఒకే గుండ్రం ఉంది. నెట్‌లో వెతికితే 1937 నాటి పెన్‌ఫీల్డ్ మ్యాప్ వస్తోంది. అది మెదడు కార్టెక్స్‌ది, దీనికి పనికిరాదు. నరాన్ని బట్టి చూద్దామన్నా, ఇంటరాసియైకి వెళ్లే అల్నార్ నరం మణికట్టును వంచే కండరానికీ వెళ్తుంది. పైగా దాన్నిబట్టి సెగ్మెంట్ తెలుస్తుంది గానీ అడ్డుకోతలో చోటు తెలియదు.

సీ8 అడ్డుకోతలో ఇంటరాసియై న్యూరాన్లు, వేళ్లను వంచే ముంజేతి కండరాల న్యూరాన్లకి ముందుంటాయా, వెనకుంటాయా?