తాజ్‌మహల్ గోడల అంచున ఉన్న చిన్న శిఖరాలను ఏమంటారు?

ప్రశ్న: చుట్టూ ఉన్న నాలుగు పెద్ద మినార్ల సంగతి కాదు. అసలు కట్టడం గోడల అంచుల వెంట సన్నగా పైకి సాగి, కప్పు దాటాక మొగ్గలా ముగిసేవి ఉన్నాయి కదా, వాటి పేరేంటి? ఆ పేరెలా వచ్చింది?

శిల్పాలపిచ్చి: గుల్దస్తాలు అంటారండీ. పారశీక మాట. గుల్ అంటే పువ్వు, దస్తా అంటే గుప్పెడు, కట్ట. రెండూ కలిస్తే పూలగుత్తి. దస్తా మనకేం కొత్త కాదు, స్కూల్లో కొనుక్కున్న దస్తా కాగితాలు ఆ దస్తానే. గులాబీలో ఉన్నదీ ఈ గుల్లే. ఈసారి ఫొటో పెద్దది చేసి కాడ భాగం చూడండి. తెల్లరాతిలో రంగురాళ్లు పొదిగి, కిందనుంచి పైదాకా జిగ్‌జాగ్ గీతలు తీశారు. గుమ్మటం కంటే నాకు ఆ పనే ఎక్కువ ఇష్టం. అందరూ గుమ్మటం చూసి వచ్చేస్తారు, బాధేస్తుంది.

పాతబస్తీవాసి: ఇరాన్‌లో మసీదు కప్పు మీద అజాన్ ఇచ్చే చిన్న మంటపాన్ని కూడా గుల్దస్తా అంటారు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. మరి మన చార్మినార్‌లో మినార్ కూడా పారశీకమేనా?

శిల్పాలపిచ్చి: దాని మూలం అరబ్బీ. మనారా అంటే వెలుగు ఉండే చోటు, లైట్‌హౌస్‌కీ అదే మాట. వెలుగు అనే అర్థమున్న నూర్ దానికి చుట్టమే. గోల్కొండ బురుజు కూడా అరబ్బీ నుంచి వచ్చిందే, కానీ అది కోటగోడలో కాపలాకు కట్టేది. దాన్ని వీటితో కలపకండి.