పాత సున్నం గోడకి టీవీ బిగించాలా, బల్ల మీద ఉంచాలా?

లంక కుర్రాడు (పి.గన్నవరం దగ్గర)

అందరికీ నమస్కారమండి. మాది గోదావరి మధ్యనున్న లంక ఊరు. ఇల్లు తాతగారి హయాంలో కట్టిన మండువా. హాలు గోడలు 18 అంగుళాల మందం, ఇటుకా సున్నమూ. మొన్న 43 అంగుళాల టీవీ కొన్నాం. కాళ్ళు తీసేసి కాటా మీద పెడితే 9 కేజీలు తూగింది.

నేను ఇప్పటిదాకా డ్రిల్లింగ్ మిషను ముట్టుకోలేదు. స్నేహితుడు బ్యాటరీ మిషను ఇస్తానన్నాడు, నాలుగు కన్నాలే కదా నువ్వే బిగించుకోమంటున్నాడు. నాన్నగారేమో పాత గోడ జోలికి వెళ్ళొద్దు, బల్ల మీద పెట్టెయ్ అంటున్నారు. మా అన్నయ్య కూతురికి రెండేళ్ళు. ఏది దొరికితే అది పట్టుకుని లేస్తుంది. బల్ల మీద పెడితే దాని మీదకి లాక్కుంటుందని నా భయం. మొదటిసారి చేసేవాడు ఇలాంటి గోడ మీద చెయ్యి పెట్టొచ్చా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

తణుకు అన్న

నిక్షేపంగా చెయ్యొచ్చు తమ్ముడూ. నేను కిందటేడు మొదటిసారే చేశాను, గంటన్నర పట్టింది. ముందు టీవీ వెనక ఉన్న నాలుగు మర కన్నాల మధ్య దూరం కొలువు. నీ సైజుకి 200 బై 200 మిల్లీమీటర్లు గానీ, 300 బై 200, 400 బై 200 గానీ ఉంటుంది. ఆ కొలతకి సరిపడే బ్రాకెట్టే కొను. టీవీకి వేసే స్క్రూలు ముందు చేత్తో తిప్పి చూడు. సాఫీగా ఎక్కాలి. స్క్రూ పొడుగెక్కువైతే లోపలి తెరకి తగులుతుంది, అప్పుడు టీవీయే పోతుంది.

గోడ మీద బ్రాకెట్ ఆనించి, రసమట్టం పెట్టి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకో. 8 మిల్లీమీటర్ల బిట్టుకి ఎంత లోతు కావాలో అక్కడ టేపు చుట్టు. కన్నం పడ్డాక పొడి మొత్తం ఊదెయ్. పొడి ఉంటే స్క్రూని పట్టి ఉంచడానికి కన్నంలో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గు పట్టదు. అంతే. ఎవరికో ఫోన్ చేసి వారం రోజులు ఎదురుచూడక్కర్లేదు. మన ఇంటి పని మన చేత్తో చేసుకుంటే ఆ తృప్తి వేరు.

నరసాపురం టీచరు

బాబూ, తణుకు ఆయన చెప్పింది కొత్త ఇంటికి సరిపోతుంది. మాదీ నీలాగే పాత ఇల్లు. మూడేళ్ళ కింద టీవీ కొన్నప్పుడు బిగించడానికి మనిషి వచ్చాడు. పావుగంటలో పని ముగించి వెళ్ళాడు. శ్రావణమాసంలో ఒక రాత్రి పెద్ద చప్పుడు. లేచి చూస్తే బ్రాకెట్ పై ప్లగ్గులు రెండూ గోడలోంచి ఊడొచ్చి, టీవీ ముందుకి వాలి కుట్టుమిషను మీద పడి ఉంది. సాయంత్రం వరకు మా మనవడు అక్కడే బొమ్మలు పేర్చుకుంటూ ఆడుకున్నాడు. ఆ చోటు చూస్తే ఇప్పటికీ నాకు వణుకొస్తుంది.

తర్వాత చూస్తే ప్లగ్గులన్నీ పైపూతలోనే ఉన్నాయి, ఇటుక దాకా వెళ్ళనే లేదు. దానికి తోడు గోడంతా ఉప్పు ఊరిపోయి ఉంది. వేలితో రుద్దితే తెల్లగా రాలుతోంది. అందుకే నా మాట ఒక్కటే: బల్ల మీద పెట్టు. వెనకనుంచి బల్లకి పట్టీ కట్టు. బల్లని గోడకి ఒక మేకుతో ఆపు. పాప లాగినా రాదు.

తణుకు అన్న

టీచరుగారూ, మీ మనవడు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. కానీ మీ ఇంట్లో పడేసింది కొత్తవాడు కాదు కదండీ, రోజూ అదే పని చేసేవాడు. అంటే మనిషిని పిలిచినంత మాత్రాన భద్రం కాదనేగా. ఇంట్లోవాడు తన పిల్ల కూర్చునే చోటని తెలిసి రెండుసార్లు చూసుకుంటాడు.

తాపీ పని, మండపేట

ఇద్దరి మాటా సగమే. ఎవరు బిగించారన్నది తర్వాత, ఆ గోడ దేన్ని మోయగలదో ముందు చూడాలి. నేను 30 ఏళ్ళుగా తాపీ పని చేస్తున్నాను, మన డెల్టా గోడలు నాకు బాగా తెలుసు.

తమ్ముడూ, టీవీ వెనక దాగిపోయే చోట సన్న బిట్టుతో ఒకే ఒక కన్నం వెయ్. మిషను సుత్తి దెబ్బ మీద పెట్టకు, ఉత్త తిప్పుడే. కింద తెల్ల కాగితం పెట్టి రాలే పొడి రంగు చూడు. మొదట తెల్లగా వస్తే సున్నం పూత, బూడిద రంగైతే సిమెంటు. ఆ తర్వాత ఎర్రగా, పొడిగా, ఒకే తీరుగా రావాలి. అది ఇటుక. ఎరుపు మధ్యలో మళ్ళీ తెలుపు వచ్చి బిట్టు ఒక్కసారిగా లోపలికి జారితే నువ్వు రెండు ఇటుకల మధ్య సందులో పడ్డావన్నమాట. పాత సందుల్లో సున్నం పిండిలా ఉంటుంది, అక్కడ ఏ ప్లగ్గూ నిలవదు. పొడి తడిగా బిట్టుకి అంటుకుంటే గోడకి చెమ్మ ఉన్నట్టు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పడం లేదు. మన నేలలో నీరు పైనే ఉంటుంది. పునాదిలోంచి చెమ్మ గోడెక్కుతుంది, దాంతోపాటు ఉప్పూ ఎక్కుతుంది. మామూలుగా మూడు నాలుగు అడుగుల దాకా. టీవీ బోల్టులు పడేది సరిగ్గా ఆ గీత దగ్గరే. వేసవిలో కాలవలు కట్టేశాక చూస్తే గోడ గట్టిగా, పొడిగా కనిపిస్తుంది. అది చూసి మోసపోతారు. కాలవకి నీళ్ళు వదిలి, వానలు పడ్డాక అదే గోడని తట్టి చూడండి. టీచరుగారి టీవీ శ్రావణంలో పడిందంటే నాకేం వింతగా లేదు.

ఉప్పు రాలుతోంది కదా అని సున్నం గోడ మీద సిమెంటు పూసెయ్యకండి. లోపలి చెమ్మకి బయటికి దారి లేక ఇంకా పైకెక్కుతుంది.

ఐటీఐ కరెంటు, రావులపాలెం

కన్నం వేసేముందు మెయిన్ కట్టేయండి దయచేసి. గోడ లోపల పైపుల్లో వైర్లున్న ఇంట్లో స్విచ్ బోర్డుకి నేరుగా పైనా కిందా వైరు దిగి ఉంటుంది, ఆ నిలువు గీతలో బిట్టు పెట్టొద్దు. పాత మండువాల్లో వైరింగు చాలావరకు పైకే కనిపిస్తుంది కాబట్టి కొంత నయం. అయినా మధ్యలో ఎవరైనా ఏసీకో ఫ్రిజ్‌కో కొత్త లైను గోడ లోపలనుంచి లాగారేమో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి.

టీవీకీ గోడకీ మధ్య చెయ్యి దూరేంత సందు ఉండాలి. ఉరుములప్పుడు కరెంటు ప్లగ్గు, డిష్ వైరు రెండూ పీకెయ్యాలి కదా. గోడకి అతుక్కుపోయే బ్రాకెట్ వేసి సాకెట్ దాని వెనక్కి పెడితే ఎవరూ పీకలేరు.

లంక కుర్రాడు

అందరికీ ధన్యవాదాలండి. మేస్త్రిగారూ, ఆదివారం కన్నం వేసి చూసి చెప్తాను. ఈలోగా ఒక అనుమానం. బయటికి లాగి పక్కకి తిప్పే చేయి ఉన్న బ్రాకెట్ కొంటే మామ్మ తన పడక కుర్చీలోంచి కూడా చూడొచ్చని అనుకుంటున్నాను. ఎంతైనా 9 కేజీలే కదా?

తాపీ పని, మండపేట

వద్దు. అది 9 కేజీలుగా ఉండదు. గోడకి అయిదు సెంటీమీటర్ల దూరంలో ఉన్న టీవీ ఎక్కువగా కిందికే లాగుతుంది. చేయి 45 సెంటీమీటర్లు బయటికి లాగావనుకో, బ్రాకెట్ పలక ఎత్తు 20 సెంటీమీటర్లు అనుకో. 9ని 45తో గుణించి 20తో భాగించు. పై బోల్టుల్ని గోడలోంచి బయటికి పీకే బలం 20 కేజీలు దాటుతుంది. గోడకి దగ్గరగా ఉంటే అదే లెక్కకి రెండు కేజీల పైచిలుకు. దానికి తోడు లాగిన ప్రతిసారీ అదురు. సున్నం గోడకి ఆ చేయి పనికిరాదు. మామ్మగారి కుర్చీనే కాస్త జరుపుకోండి.

అయినవిల్లి అన్నయ్య

మాదీ లంకే. వరద మాటేమిటి? 86 ఆగస్టులో మా ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. రేడియో, ధాన్యం బస్తాలు, దేవుడి పటాలు అటక మీదకి ఎక్కించాం. బల్ల మీదవి ఏవీ మిగల్లేదు. గోడకి ఉంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి గోడే మంచిదని నా అభిప్రాయం.

నరసాపురం టీచరు

అన్నయ్యగారూ, నాలుగడుగుల ఎత్తున ఉన్న టీవీని వరద వదిలేస్తుందా? బల్ల అయితే ఇద్దరు పట్టుకుని మేడ మీదకి తీసుకుపోవచ్చు. స్క్రూలు విప్పుతూ కూర్చునేసరికి నీళ్ళు గుమ్మం దాటతాయి.

అయినవిల్లి అన్నయ్య

అది నిజమేనమ్మా. అయితే విప్పక్కర్లేని బ్రాకెట్లు ఉన్నాయి. టీవీ వెనక కొక్కేలు గోడ పట్టీ మీద తగిలించి ఉంటాయి, కింద రెండు తాళ్ళు లాగితే వదులుతాయి. ఇద్దరుంటే నిమిషంలో కిందికి దిగుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో మేం మొదటిదానికే సామాన్లు కదుపుతాం. లంకలో గోడకి బిగించేవాళ్ళెవరైనా ఆ తాళ్ళ బ్రాకెట్టే కొనాలి, వాళ్ళకి వేరే మాట లేదు.

సఖినేటిపల్లి అక్క

సముద్రం దగ్గరవాళ్ళం, మాదొక్క ముక్క. మామూలు ఇనప బోల్టులు మాకు రెండేళ్ళలో తుప్పు పట్టి తల ఊడిపోయాయి. ఉప్పుగాలి తగిలే ఊళ్ళవాళ్ళు తుప్పు పట్టని స్టీలు బోల్టులే అడిగి తీసుకోండి. ఎత్తు సంగతి కూడా. బిగించేవాళ్ళు ద్వారబంధం ఎత్తుకి పెట్టేసి వెళ్ళిపోతారు, చూసేవాళ్ళ మెడలు పట్టేస్తాయి. ఇంట్లోవాళ్ళు ఎక్కడ కూర్చుంటారో అక్కడ కూర్చోబెట్టి, వాళ్ళ కంటికి ఎదురుగా గోడ మీద గుర్తు పెట్టండి. తెర మధ్యభాగం అటూ ఇటుగా అక్కడికి రావాలి. మండువా వెలుగు తెర మీద పడే గోడైతే పగలంతా మన మొహాలే కనిపిస్తాయి.

లంక కుర్రాడు

కన్నం వేశానండి. చేతులు వణికాయి గానీ వేశాను. మొదట ముప్పావు అంగుళం తెల్లగా వచ్చింది. తర్వాత ఎర్రగా, పొడిగా వచ్చింది. సంతోషపడ్డాను. పక్కన ఎనిమిది అంగుళాల దూరంలో ఇంకోటి వేస్తే ఎరుపు రాలేదు, బిట్టు సర్రున దిగిపోయింది. స్క్రూ డ్రైవరు పెడితే చేత్తోనే లోపలికి వెళ్ళింది. బ్రాకెట్ కన్నాలు నాలుగింటిలో రెండు ఇలాంటి చోటే పడుతున్నాయి. బ్రాకెట్ కొంచెం జరిపితే మిగతా రెండూ సందుల్లోకి వెళ్తున్నాయి. మామ్మ కళ్ళ ఎత్తుకి గుర్తు పెడితే అక్కడ కింద ఉప్పు మరకలు కూడా ఉన్నాయి. వంటింటి పక్క గది గోడ 98లో కట్టించింది, నాలుగున్నర అంగుళాల సిమెంటు గోడ. అక్కడికి మార్చుకోనా?

తణుకు అన్న

తమ్ముడూ, నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా గోడ తొమ్మిదంగుళాల కొత్త సిమెంటు గోడ. ఆ కన్నాలు అలా పడ్డాయంటే మీ హాలు గోడకి నేరుగా బ్రాకెట్ బిగించొద్దు. ఆ నాలుగున్నర గోడే మేలు. చూసి నెమ్మదిగా వెయ్, లోతు రెండంగుళాలు దాటనివ్వకు. గట్టిగా అదిమితే అవతలి వైపు పెళ్ళలు రాలతాయి.

తాపీ పని, మండపేట

గది మార్చక్కర్లేదు. మామ్మగారు హాల్లోనే కదా కూర్చుంటారు, టీవీ ఆవిడ దగ్గరే ఉండాలి. పాత గోడకి ఎప్పటినుంచో చేసే పద్ధతి ఒకటుంది. మధ్యలో చెక్క. మూడడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న టేకు పలక తీసుకో. బ్రాకెట్ కన్నాలు మనం మార్చలేం, పలక కన్నాలు మన ఇష్టం. గోడ మీద సన్న కన్నాలు వేసుకుంటూ గట్టి ఇటుకలు ఎక్కడున్నాయో వెతికి, అక్కడక్కడే, ఉప్పు గీతకి పైన, ఆరు చోట్ల పలకని బిగిస్తాం. బరువు ఆరింటి మీద పంచుకుంటుంది. తర్వాత బ్రాకెట్‌ని పలకకి బిగించుకో, అది సున్నంలోకి వెళ్ళే పనే లేదు.

ఇనప యాంకర్ బోల్టులు మాత్రం వద్దు. అవి లోపల ఉబ్బి పాత ఇటుకని చీల్చేస్తాయి. పొడుగాటి ప్లాస్టిక్ ప్లగ్గులు వాడదాం, వదులుగా ఉన్నచోట గోడలో గట్టిపడే రసాయనం పోసి బిగిద్దాం.

నరసాపురం టీచరు

మేస్త్రిగారి పద్ధతి బాగుంది, నాకు ఇది ఎవరూ చెప్పలేదు. అయినా మా ఇంట్లో బల్ల మీదే ఉంటుంది, ఆ చప్పుడు విన్నదాన్ని నేను. బాబూ, నువ్వు పలక బిగిస్తే మొదటి రోజే టీవీ తగిలించకు. ఆ పలకకి రెండు బియ్యం సంచులు కట్టి రెండు రోజులు వదిలి చూడు. పాపని ఆ రెండు రోజులూ హాల్లోకి రానివ్వకు.

తాపీ పని, మండపేట

అది మంచి మాట. పది, పది కేజీల సంచులు. వానలు మొదలయ్యాక ఆరు బోల్టులనీ ఇంకోసారి చేత్తో కదిపి చూడాలి, అప్పుడే తెలుస్తుంది.

లంక కుర్రాడు

అలాగేనండి, తాళ్ళ బ్రాకెట్టే కొంటాను. మేస్త్రిగారూ, ఒక్క మాట. మా దొడ్డిలో పడగొట్టిన పశువుల పాక ద్వారబంధం ఉంది, టేకే. పైన చెదలు లేవు, మధ్యలో ఒక మేకు కన్నం ఉంది. దాన్ని కోయించి పలక చేయించొచ్చా, కొత్తది కొనాలా? ఇంకో మాట, వచ్చే ఆదివారం మీకు వీలవుతుందా? డ్రిల్లు నేనే పట్టుకుంటాను, మీరు పక్కనుండి ఇటుకలు చూపిస్తే చాలు.

తాపీ పని, మండపేట

ద్వారబంధం చాలు. కొత్త చెక్కకన్నా అదే నయం, ఎండకీ వానకీ ఆరిపోయి ఇక వంకర పోదు. ఆ మేకు కన్నం కోతలో పోనివ్వు. ఆదివారం పొద్దున్నే వస్తాను. మెయిన్ కట్టేసి ఉంచు, తెల్ల కాగితాలు నాలుగు తెచ్చుకో.