పూర్ణాంకం నుండి మిశ్రమ భిన్నాన్ని తీసివేయడం: పిల్లలు ఎక్కడ తడబడుతున్నారు?

ఇంటిబడి:
మా అబ్బాయి భిన్నాల కూడికలను, సజాతి భిన్నాల తీసివేతలను తడుముకోకుండా చేస్తాడు. అయితే పూర్ణాంకం నుండి మిశ్రమ భిన్నాన్ని తీసివేయమన్నప్పుడు మాత్రం ఒకే రకమైన తప్పు చేస్తున్నాడు. 7 − 2 3/5 ఇస్తే 5 3/5 అని రాస్తాడు. (ఇక్కడ 2 పూర్ణభాగం, 3/5 భిన్నభాగం అని చదువుకోగలరు.) చేసి చూపిస్తే అర్థమైందంటాడు, ఆ లెక్కను సరిదిద్దుతాడు. మరునాడు 9 − 4 1/6 ఇస్తే మళ్లీ 5 1/6 అనే రాస్తాడు. బడిలో అపక్రమ భిన్నంగా మార్చి చేయమన్నారు, నేను ఇంట్లో పూర్ణాంకం నుండి ఒకటి అప్పు తెచ్చుకోమంటున్నాను. రెండు పద్ధతుల మధ్య వాడు నలిగిపోతున్నాడేమోనన్న అనుమానం కూడా నాకుంది. పిల్లలకు ఈ పాఠం చెప్పినవారు తమ అనుభవాన్ని పంచుకుంటే సంతోషిస్తాను.

లెక్కలపంతులు:
మీ అబ్బాయి తప్పులో ఒక క్రమం ఉంది కాబట్టి, దానిని అజాగ్రత్త అనుకోవద్దు. 7లో నుండి 2 తీసివేస్తే 5 వచ్చింది. 3/5ను తీసివేయడానికి పైన భిన్నమేదీ కనిపించలేదు కాబట్టి దానిని ఉన్నది ఉన్నట్టుగా కిందికి దించాడు. నా తరగతిలో చాలామంది పిల్లలు సరిగ్గా ఇలాగే ఆలోచిస్తారు. 2 3/5 అని పక్కపక్కన రాసినప్పుడు ఆ రెండింటి మధ్య ఒక కూడిక గుర్తు దాగి ఉంటుందని, అంటే అది 2 + 3/5 అని, వారికి ఎవరూ గట్టిగా చెప్పి ఉండరు. కాబట్టి మన లెక్క 7 − (2 + 3/5). బ్రాకెట్ ముందున్న తీసివేత గుర్తు లోపలి రెండు భాగాలకూ వర్తిస్తుంది: 7 − 2 − 3/5. మీ అబ్బాయి చేసింది 7 − 2 + 3/5.

నేను ఏ పద్ధతీ మొదలుపెట్టకముందే ఒక ప్రశ్న అడుగుతాను: జవాబు ఏ రెండు పూర్ణాంకాల మధ్య ఉండాలి? తీసివేసేది 2 కంటే ఎక్కువ, 3 కంటే తక్కువ. కాబట్టి మిగిలేది 5 కంటే తక్కువ, 4 కంటే ఎక్కువ కావాలి. ఈ వాక్యాన్ని నోటుపుస్తకంలో రాసిన తరువాతే లెక్క చేయనిస్తాను. అప్పుడు 5 3/5 అని రాసిన పిల్లవాడికి తాను రాసిన వాక్యమే అడ్డు చెబుతుంది, నేను తప్పు అనవలసిన అవసరం రాదు. ఆపైన 7 − 2 = 5, 5 − 3/5 = 4 2/5 అని రెండు మెట్లలో చేయించండి. 5 − 3/5 దగ్గర ఆగిపోతే, 5ను 4 5/5గా రాయించండి. ఒకటిని హారానికి సరిపడా ముక్కలుగా విడగొట్టడమే అప్పు తెచ్చుకోవడం అంటే. రెండు పద్ధతులు నేర్చుకోవడం వల్ల నష్టం లేదు గాని, ఒకటి కుదురుకున్న తరువాతే రెండోది చెప్పడం మంచిది.

పరీక్షార్థి:
పెద్దలు కూడా క్యాలిక్యులేటర్ మీద ఇదే తప్పు చేస్తారు. 5 − 2 3/4ను 5 − 2 + 0.75 అని నొక్కి, 3.75 వచ్చిందంటారు. సరైన జవాబు 2.25. బ్రాకెట్ నొక్కితే సరిపోతుంది, కాని అక్కడ బ్రాకెట్ ఉందని తెలియాలి కదా.

కొలతపట్టీ:
నేను చెక్కపని చేస్తాను. అంగుళాల్లో కొలిచేటప్పుడు ఈ లెక్కలు రోజూ వస్తాయి. 36 అంగుళాల చెక్క నుండి 11 5/8 అంగుళాల ముక్కను కోస్తే మిగిలేది ఎంత? నేను తీసివేయను, పైకి ఎక్కుతాను. 11 5/8 నుండి 12కు చేరడానికి 3/8 కావాలి, 12 నుండి 36కు 24. మొత్తం 24 3/8. రంపం పలక 1/8 అంగుళం చెక్కను పొడి చేసేస్తుంది కాబట్టి, చివరికి చేతికి వచ్చేది 24 2/8, అంటే 24 1/4 అంగుళాలు. ఈ రంపపు దారిని లెక్కలో వేసుకోనివారి ముక్కలు కొద్దికొద్దిగా పొట్టివవుతూ పోతాయి. మీ అబ్బాయికి సంఖ్యారేఖ గీసి, చిన్న సంఖ్య దగ్గర నిలబెట్టి, పెద్ద సంఖ్య దాకా నడిపించి చూడండి. అందులో అప్పు ఉండదు, అపక్రమ భిన్నమూ ఉండదు.

అపక్రమం:
పైకి ఎక్కే పద్ధతి నోటిలెక్కకు బాగుంటుందని ఒప్పుకుంటాను. అయినా అపక్రమ భిన్నాన్ని వెనక్కి నెట్టవద్దని నా మనవి. 7 = 35/5, 2 3/5 = 13/5, తేడా 22/5, అంటే 4 2/5. ఇందులో దాగిన గుర్తు ఏదీ లేదు కాబట్టి, మీ అబ్బాయి చేస్తున్న తప్పుకు అసలు చోటే ఉండదు. ముందుముందు గుణకార భాగహారాలకూ బీజగణితానికీ ఈ రూపమే అక్కరకు వస్తుంది.

కొలతపట్టీ:
సంఖ్యలు పెద్దవైతే ఏం చేస్తారు? 103 − 48 7/16 మీ దారిలో 1648/16 − 775/16 అవుతుంది. అది 873/16, దానిని మళ్లీ 16తో భాగిస్తే 54 9/16. అదే నేనైతే రెండు సంఖ్యలకూ 9/16 కలుపుతాను. అప్పుడు 103 9/16 − 49 అవుతుంది, జవాబు చూడగానే తెలుస్తుంది. రెండింటినీ సమానంగా జరిపితే వాటి మధ్య దూరం మారదు.

అపక్రమం:
ఈ ఉదాహరణ వరకు మీ దారే దగ్గరదారి. రెండు సంఖ్యలనూ జరపడం నాకు తట్టలేదు, ఇకపై వాడుకుంటాను. అయితే ఆ జరపడం ఎందుకు చెల్లుతుందో తెలియని పిల్లవాడు ఒక సంఖ్యకే కలిపి ఊరుకుంటాడు.

నల్లబల్ల:
అప్పు పద్ధతిలో నాకు ఎక్కువగా ఎదురైన తప్పు ఇంకొకటి ఉంది. పై సంఖ్యలోనూ భిన్నం ఉన్నప్పుడు అది బయటపడుతుంది. 5 1/4 − 2 3/4 తీసుకోండి. 1/4 నుండి 3/4 పోదు కాబట్టి, 5 నుండి ఒకటి అప్పు తెస్తారు. అంతవరకు సరే. ఆ తెచ్చిన ఒకటిని లవం ముందు చేర్చి 4 11/4 అని రాస్తారు. పూర్ణాంకాల తీసివేతలో పక్క స్థానం నుండి తెచ్చిన ఒకటి పది అవుతుంది గదా, ఆ అలవాటు ఇక్కడికీ వస్తుంది. భిన్నాల్లో తెచ్చిన ఒకటి పది కాదు, అది హారం ఎంతైతే అన్ని ముక్కలు. ఇక్కడ ఒకటి అంటే 4/4, కాబట్టి 4 5/4 − 2 3/4 = 2 2/4 = 2 1/2. 4 11/4 అని రాసిన పిల్లలను, "ఇది 5 1/4తో సమానమేనా?" అని అడగండి. 11/4లోనే రెండు పూర్ణాలు ఉన్నాయని చూడగానే వారే వెనక్కి తగ్గుతారు.

కొంచెం పెద్ద తరగతి పిల్లలకు అప్పు లేకుండానూ చెప్పవచ్చు. 5 − 2 = 3, 1/4 − 3/4 = −2/4, 3 − 2/4 = 2 1/2. రుణసంఖ్యలు తెలిసినవారికి ఇది ఎంతో హాయిగా ఉంటుంది.

పాతపొత్తం:
చర్చకు కొంచెం పక్కనున్న మాట. 1150లో వచ్చిన భాస్కరాచార్యుని లీలావతిలో పూర్ణాంకానికి భిన్నాన్ని చేర్చడాన్ని భాగానుబంధమని, పూర్ణాంకం నుండి భిన్నాన్ని తగ్గించడాన్ని భాగాపవాహమని పక్కపక్కనే చెప్పారు. పూర్ణాంకాన్ని హారంతో గుణించి, లవాన్ని మొదటిదానిలో కలపాలి, రెండోదానిలో తీసివేయాలి. ఉదాహరణలు కూడా అలాగే జంటగా ఉంటాయి: రెండు మీద పావు 9/4, మూడుకు పావు తక్కువ 11/4. నేటి పుస్తకాల్లో మొదటిదానికి మిశ్రమ భిన్నమంటూ ఒక అధ్యాయం కేటాయించి, రెండోదాన్ని తీసివేత లెక్కల మధ్య ఎక్కడో వదిలేస్తున్నాము. రెండింటినీ ఒకేచోట పెట్టి 2 + 1/4, 3 − 1/4 అని గుర్తుతో సహా రాయిస్తే, లెక్కలపంతులు గారు చెప్పిన దాగిన గుర్తు పిల్లలకు మొదటిరోజే కనబడుతుందని నా అభిప్రాయం.

ఇంటిబడి:
అందరికీ ధన్యవాదాలు. జవాబు ఏ రెండు పూర్ణాంకాల మధ్య ఉండాలో ముందుగా రాయించడం మొదలుపెట్టాను. 8 − 3 2/7కు 5 2/7 అని రాయబోయి, "నాలుగుకూ అయిదుకూ మధ్యలో కదా ఉండాలి" అని తనే చెరిపి 4 5/7 రాశాడు. ఇప్పుడు రెండు సందేహాలు మిగిలాయి. హారాలు వేరైనప్పుడు ముందు అప్పు తేవాలా, హారాలను సమానం చేయాలా? అలాగే, నిన్న వాడే 3/4 − 2 ఎంత అని అడిగాడు. ఏమి చెప్పాలి?

నల్లబల్ల:
హారాలనే ముందు సమానం చేయండి. 6 1/6 − 2 3/4లో 6, 4ల క.సా.గు. 12. 6 2/12 − 2 9/12 అని రాసిన తరువాత గాని అప్పు అవసరమా కాదా అన్నది తేటగా కనిపించదు. ఇక్కడ అవసరమే: 5 14/12 − 2 9/12 = 3 5/12. ముందే అప్పు తెస్తే తప్పు కాదు, ఒక్కోసారి అది అనవసరమైన శ్రమ అవుతుంది.

లెక్కలపంతులు:
3/4 − 2 = 3/4 − 8/4 = −5/4, అంటే −1 1/4. ఇక్కడా పాత చిక్కే ఉంది. కొందరు −2కు 3/4 చేర్చి −2 3/4 అని రాసేస్తారు. −2 + 3/4 వేరు, −2 3/4 వేరు. రెండోదానిలో రుణగుర్తు పూర్ణభాగానికీ భిన్నభాగానికీ వర్తిస్తుంది, అంటే అది −(2 + 3/4). సంఖ్యారేఖ మీద −2 నుండి కుడివైపుకు 3/4 నడిపిస్తే −1 1/4 దగ్గర ఆగుతాడు, ఎడమవైపుకు నడిపిస్తే −2 3/4 దగ్గర. మీ అబ్బాయి రుణసంఖ్యల పాఠానికి ఇంకా రాకపోతే, 2 − 3/4 ఎంతో చేయించి, ఎంత తక్కువ పడిందో చెప్పమనండి. ఆ 1 1/4కు ముందు గుర్తు పెట్టడం తరువాతి సంవత్సరం నేర్చుకుంటాడు.

ఇంటిబడి:
2 − 3/4 చేయించాను, 1 1/4 అన్నాడు. తక్కువపడినదానికి ఏ గుర్తు పెట్టాలో ఇప్పుడే చెప్పమని పట్టుబట్టాడు. రేపు సంఖ్యారేఖను సున్నాకు ఎడమవైపుకు కూడా గీస్తాము.