అమెరికాలో మన తెలుగు సంఘం గ్రూపు (ఎవరి సొంతూరే వాళ్ళ పేరు): సంక్రాంతి హాల్ బుకింగ్ ఆగిపోయింది, అందరూ చూడండి

తణుకు: సిటీ వాళ్ళు మన బుకింగ్ ఆపేశారు. ఎవరిపట్లా వివక్ష చూపబోమని సంఘం తరఫున రాసివ్వాలట. శుక్రవారం సాయంత్రం దాటితే తేదీ వేరేవాళ్ళకి. మన బైలాస్‌లో ఆ ముక్కే లేదు.

భీమవరం: దీనికింత టెన్షన్ ఎందుకండీ? నెట్‌లో నాలుగు లైన్లు తీసి పేరు మార్చి పంపేద్దాం. మనవాళ్ళలో రేసిజం ఎక్కడుంది?

రాజోలు: పోయినేడు మా అక్క అల్లుడిని "క్యాటరింగ్ వాళ్ళు వెనక గేటు నుంచి రావాలి" అన్నది మన వాలంటీరే. ఆ నల్లజాతి అబ్బాయి పట్టుపంచె కట్టుకుని, చంకన పాపతో నిలబడ్డాడు. అక్క ఈ ఏడు రానంది.

భీమవరం: రద్దీలో నోరు జారుంటారు. సంఘాన్నంతా బోనెక్కిస్తారా?

రాజోలు: జారింది నోరొక్కటేనా?

కాకినాడ: మా తాత ఓడెక్కి బర్మాలో రంగూన్ పోయాడు. మన కాకినాడ దగ్గరి కోరంగి రేవు ఎప్పుడో పూడిపోయినా, అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలనే పిలిచేవారు, మర్యాదకేం కాదు. 1930 మే అల్లర్లలో మన రేవు కూలీలని చంపారు. ఇక ఈ అమెరికా మనకి తలుపు తీసింది 1965 వలస చట్టంతో. 1964లో నల్లజాతివాళ్ళ పోరాటంతో వచ్చిన పౌరహక్కుల చట్టం గాలికే అదీ వచ్చింది. ఆ పోరాటం చేసినవాళ్ళ పిల్లాడినా వెనక గేటుకి పొమ్మన్నది?

అమలాపురం: కులం కూడా రాయండి. సియాటిల్ నగరం 2023లో కుల వివక్ష కూడదని చట్టంలోనే చేర్చింది.

భీమవరం: ఇదిగో, ఇందుకే వద్దన్నాను! మన ఇంటి గొడవ సిటీ వాళ్ళకెందుకు?

అమలాపురం: 2022లో మా కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామంటే మా ఊళ్ళో మంత్రి ఇల్లు తగలబెట్టారు. లోకమంతా టీవీలో చూసింది. ఇంకా దాచేదేముందండీ?

తణుకు: భోంచేసి రండి, తొమ్మిదింటికి రాద్దాం.

భీమవరం: సరే, కులం ఉంచండి. కానీ కాగితం పంపేసి గేటు దగ్గర మళ్ళీ ఆ మనిషినే నిలబెడితే ఏం లాభం? గేటు నేను చూసుకుంటా. బఫే తీసేసి బంతులు వేద్దాం. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కూర్చోవాలి, స్పాన్సర్లకి ముందు వరస లేదు.

రాజోలు: అయితే అక్కకి మీరే ఫోన్ చేయాలి.

భీమవరం: నంబరు పంపండి.

తణుకు: లెటర్ వెళ్ళింది. ఫిర్యాదులు ఎవరు వింటారని అడిగితే అమలాపురం గారి పేరు రాసేశాను, ఏమనుకోకండి. బంతులకి అరటాకులో?

కాకినాడ: మన కొట్లో ఫ్రోజెన్‌వి ఉంటాయి. సగం చిరిగే వస్తాయి, ఎక్కువే తీసుకోండి.