గుండె, మనసు: పీహెచ్‌సీ డాక్టర్లకు నిజంగా పనికొచ్చిన ట్రైనింగ్ ఏది?

ఎర్రమట్టి (అనంతపురం వైపు, పీహెచ్‌సీ)

రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి అయిదేళ్లలో 30 క్రెడిట్ గంటలు (ట్రైనింగ్‌లకు హాజరైతే వచ్చేవి) కావాలి కదా. నాకు 26 అయ్యాయి. నిన్న కూర్చుని లెక్క తీస్తే అందులో 18 గంటలు హోటల్ హాళ్లలో సంపాదించినవే. భోజనాలు బాగున్నాయి. పాఠం ఒక్కటీ గుర్తు లేదు.

ఇప్పుడెందుకు అడుగుతున్నానంటే, మూడు వారాల కింద ఒకావిడ వచ్చింది. 44 ఏళ్లు, షుగర్ ఉంది, శెనక్కాయలు ఒలిచే కూలి పని. దవడ లాగుతోంది, చెమటలు, "బయమైతాంది సార్" అంటోంది. భర్త రెండేళ్ల కింద పురుగుల మందు తాగి పోయాడు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ముందు రోజు రాత్రి ఇంకోచోట చూపించుకుంటే టెన్షన్ అని చెప్పి నిద్రమాత్ర ఇచ్చి పంపారట. నేనూ సగం అదే అనుకున్నాను, దాచుకోవడం ఎందుకు. మా స్టాఫ్ నర్సు "ఒక ఈసీజీ తీద్దాం సార్" అంది. తీస్తే 2, 3, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్‌టీ లేచి ఉంది, అంటే గుండెపోటే. నాలుక కింద సార్బిట్రేట్ పెట్టబోయి, బీపీ అప్పటికే 90 ఉండేసరికి, ఆ మాత్ర ఇంకా దించుతుందని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆస్పిరిన్ 300 నమిలించి, క్లోపిడోగ్రెల్ 300 ఇచ్చి 108 ఎక్కించాం. స్టెంట్ వేశారు, బతికింది.

మొన్న మళ్లీ వచ్చింది. గుండె బాగుంది, మనిషి బాగాలేదు. అన్నం తినదు, నిద్ర లేదు, మాత్రలు కూడా వేసుకోవడం లేదు. వాళ్లమ్మ "మనేద పెట్టుకుంది సార్" అంటోంది. గుండె వాళ్లు గుండె చూసి పంపారు. ఈ మనేద చూడాల్సింది నేనే. దీన్ని ఎక్కడ నేర్చుకోవాలి?

తుంగభద్రగట్టు (కర్నూలు జిల్లా, ఏరియా హాస్పిటల్)

నాది దీనికి తిరగేసిన కేసు సార్. ఆదోని పత్తి యార్డులో హమాలీ, 31 ఏళ్లు. ఉన్నట్టుండి గుండె దడ, చేతులు తిమ్మిర్లు, ఇక పోతాను అనే భయం. పది పదిహేను నిమిషాల్లో తగ్గిపోతుంది. నా దగ్గరికి వచ్చేసరికి ఈసీజీలు నాలుగు, ఎకో ఒకటి, టీఎంటీ (నడిపించి చూసే గుండె పరీక్ష) ఒకటి, అన్నీ నార్మల్, అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో. వాటి కోసం గొర్రెలు అమ్ముకున్నారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూసి, ఇది పానిక్ అని చెప్పి సెర్ట్రలిన్ (గాబరాకి, డిప్రెషన్‌కి ఇచ్చే మందు) 25 మొదలుపెట్టాను. అయిదో రోజుకి మానేశాడు. "మాత్ర వేసుకుంటే ఇంకా గాబరా ఎక్కువైంది మేడమ్" అన్నాడు.

తప్పు నాది. మొదటి వారం కొంచెం గాబరా పెరగొచ్చు, గుణం కనపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది అని ముందే చెప్పలేదు. రెండోసారి చెప్పి ఇస్తే నిలబడ్డాడు. ఈ ఒక్క ముక్క నేను విన్న ఏ సీఎంఈ (డాక్టర్ల ట్రైనింగ్ క్లాసు) లోనూ ఎవరూ చెప్పలేదు. స్లైడ్ మీద డోసు ఉంటుంది, రోగితో ఏం మాట్లాడాలో ఉండదు.

పెన్నఒడ్డు (కడప, సైకియాట్రీ)

ఎర్రమట్టి గారూ, ముందు మీ పేషెంటు సంగతి. హార్ట్ అటాక్ తర్వాత దాదాపు అయిదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. వచ్చిన వాళ్లు మాత్రలు మానేస్తారు, మళ్లీ గుండె దెబ్బతింటుంది. కాబట్టి వదిలేసేది కాదు. సెర్ట్రలిన్ వాడొచ్చు, గుండెపోటు వచ్చిన వాళ్ల మీద పరీక్షించి చూసిన శాడ్‌హార్ట్ అధ్యయనం 2002 లోనే వచ్చింది. అమిట్రిప్టిలిన్ (పాతరకం డిప్రెషన్ మందు) జోలికి పోవద్దు, గుండెకు మంచిది కాదు. ఎస్సిటలోప్రామ్ ఇస్తే ఈసీజీలో క్యూటీ (గుండె లయ తప్పే ప్రమాదాన్ని చెప్పే కొలత) చూసుకోవాలి. ఆవిడ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేవి) రెండూ వేసుకోవాలి కనుక సెర్ట్రలిన్ తోడైతే బ్లీడింగ్ రిస్క్ పెరుగుతుంది. కడుపు కాపాడటానికి పాంటోప్రజోల్ కలపండి, ఒమెప్రజోల్ వద్దు, అది క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది. మలం నల్లగా వస్తోందా అని ప్రతిసారీ అడగండి.

ఇంకోటి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఆ ఇంట్లో ఇప్పటికే ఒకరు పోయారు కనుక తప్పకుండా అడగాలి. 14416 టెలీమానస్ (ప్రభుత్వ ఉచిత మానసిక సహాయ ఫోన్) నంబరు ఆవిడకి కాదు, వాళ్లమ్మకి రాసివ్వండి.

ఇక ట్రైనింగ్. బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు ఎంబీబీఎస్ డాక్టర్ల కోసం ప్రైమరీ కేర్ సైకియాట్రీలో ఏడాది డిప్లొమా పెట్టారు. అందులో నాకు నచ్చింది ఒకటే. మీ ఓపీలో మీ పేషెంటును మీరే చూస్తుంటారు, అవతల వీడియోలో సైకియాట్రిస్టు ఉంటారు. కొత్త సంగతేం కాదు లెండి. 1980లలో నిమ్హాన్స్ వాళ్లు పీహెచ్‌సీ డాక్టర్లకు మానసిక వైద్యం నేర్పి చూసింది మన పక్కనున్న బళ్లారి జిల్లాలోనే. ఆ నమూనా మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. ఆలూరు నుంచి దగ్గరే, మనవాళ్లకు ఆ సంగతే తెలియదు.

రాగిసంకటి (కడప జిల్లా, పీహెచ్‌సీ)

అందరూ బాగానే చెప్తున్నారు కానీ, రోజుకు 90 ఓపీ, మధ్యలో వీడియో కాన్ఫరెన్సులు, ఆన్‌లైన్ ఎంట్రీలు. మనిషికి మూడు నిమిషాలు. ఈ మూడు నిమిషాల్లో మనేద ఎట్లా అడగాలి? పోయిన ఏడాది నేనూ మూడు రోజుల ట్రైనింగ్‌కి పోయొచ్చా. తిరిగొచ్చి చూస్తే స్టోర్‌లో అమిట్రిప్టిలిన్ తప్ప ఇంకోటి లేదు. ఏది వద్దని నేర్పారో అదే ఉంది. నేర్పేవాళ్లు ముందు ఇండెంటు (స్టోర్‌కి తెప్పించే మందుల జాబితా) చూసి నేర్పితే మేలు.

పెన్నఒడ్డు

ఇండెంటు మాట నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. మూడు నిమిషాలకు మాత్రం ఒకటుంది: డిప్రెషన్‌ని పట్టుకునే పీహెచ్‌క్యూ-9 లోని తొమ్మిది ప్రశ్నలు డాక్టరే అడగక్కర్లేదు.

చిత్రావతి (ఎంఎల్‌హెచ్‌పీ)

నేను డాక్టర్ని కాదు, విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీని. తప్పుంటే చెప్పండి సార్. ఆ ప్రశ్నలు మేమే అడుగుతాం. మాకిచ్చిన కాగితంలో "నిస్పృహకు లోనవుతున్నారా" అని ఉంది. మొదటి వారం అందరూ లేదు లేదు అన్నారు. ఒక అవ్వ "అదేం రోగమమ్మా" అని అడిగింది. తర్వాత నేను కాగితం పక్కన పెట్టి "ఏ పని మీదా మనసు పోవడం లేదా? ఊరికే ఏడుపొస్తోందా?" అని అడగడం మొదలుపెట్టా. అప్పుడు చెప్పారు. కొందరు చెప్తూనే ఏడ్చేశారు.

బీపీ కూడా అంతే. ఎండలో నడిచొచ్చిన వెంటనే చూస్తే అందరికీ 160. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి చూస్తే సగం మందికి 130 లోపే. మందులు రాసేది డాక్టర్లే అయినా మా అంకె చూసే కదా రాస్తారు. అందుకే ట్రైనింగ్ డాక్టర్లకు ఒక చోట, మాకు ఒక చోట కాకుండా కలిపి పెడితే బాగుంటుంది.

తుంగభద్రగట్టు

చిత్రావతి చెప్పింది వందకు వంద. మా దగ్గర నిజంగా పని చేసిన ట్రైనింగ్ టెనెక్టెప్లేస్‌ది. ఏరియా హాస్పిటళ్లకు ఉచితంగా ఇస్తున్నారు కదా గుండెపోటులో రక్తపు గడ్డను కరిగించే ఆ సూది, దానిమీద. కార్డియాలజిస్టు వచ్చి పాఠం చెప్పలేదు, డ్రిల్ చేయించారు. ఒక వార్డుబాయ్‌ని పేషెంటుగా పడుకోబెట్టి గడియారం పెట్టారు. పది నిమిషాల్లో ఈసీజీ, ముప్పై నిమిషాల్లో సూది. తీరా డోసు వేయాలంటే బరువు కావాలి. 60 కిలోల లోపు 30 మిల్లీగ్రాములు, ప్రతి పది కిలోలకు 5 పెరిగి, 90 దాటితే 50. మా తూకం మిషను పని చేయడం లేదని ఆ రోజే తెలిసింది! పక్కనున్న బియ్యం కొట్టు నుంచి తెచ్చారు. అసలు కష్టం సూది వేయడంలో లేదు. వేయకూడని వాళ్లను పట్టుకోవాలి. ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం అయిందా, ఈమధ్య పక్షవాతం వచ్చిందా, పెద్ద ఆపరేషన్ అయిందా. ఆ ప్రశ్నలు గోడమీద తెలుగులో రాసి అంటించాం.

పెన్నఒడ్డు

గుండె, మనసు కలిపి ఎందుకు నేర్పాలో ఒక్క ఉదాహరణ. ఏళ్లుగా లిథియం (మూడ్ జబ్బుకి ఇచ్చే మందు) మీద బాగున్న మనిషికి ఎవరో బీపీకి హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర రాశారు. రెండు వారాలకు చేతులు వణుకు, తూలుతూ నడక. తాగొచ్చాడని ఇంట్లో తిట్టారు. చూస్తే, ఆ బీపీ మాత్ర వల్ల రక్తంలో లిథియం లెవెల్ రెట్టింపు. టెల్మిసార్టన్, నొప్పి మాత్రలతో కూడా ఇట్లా పెరుగుతుంది. రాసినాయన తప్పని అనను, ఆ లిథియం చీటీ ఆయనకు ఎవరూ చూపించలేదు.

ఎర్రమట్టి (ఆరు వారాల తర్వాత)

చెప్పకుండా మాయమయ్యాను, క్షమించండి. గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు మేం నలుగురం పీహెచ్‌సీ డాక్టర్లు, ఒక సైకియాట్రిస్టు, ఒక కార్డియాలజిస్టు ఫోన్లో కలుస్తున్నాం. మనిషికో కేసు, నలభై నిమిషాలు. క్రెడిట్ గంటలేమీ రావు. మిగతా నాలుగు గంటలకు మళ్లీ హోటలే గతి.

ఆవిడకు సెర్ట్రలిన్ పెట్టాను, స్టోర్‌లో లేకపోతే బయట జనరిక్‌లో కొనిపించాను. ప్రశ్నలన్నీ మా నర్సు అడిగింది. పీహెచ్‌క్యూ-9 స్కోరు 17 నుంచి 8కి తగ్గింది (ఎంత తక్కువైతే అంత మేలు). నిన్న చెకప్‌కి వస్తూ సంచి నిండా పచ్చి శెనక్కాయలు తెచ్చి, ఈసీజీ తీద్దామన్న నర్సు చేతిలో పెట్టింది. నాకేమీ తేలేదు.