చెల్లి బయటపెట్టిన చాట్‌లో నా కథ కూడా ఉంది

తులసికోట (చర్చ మొదలుపెట్టినవారు):

మా చెల్లికి మొన్న శ్రావణంలో ఒక సంబంధం వచ్చింది. పిల్లలిద్దరూ మాట్లాడుకున్నారు, నచ్చింది. తాంబూలాలు పుచ్చుకోవడమే తరువాయి అనుకుంటుండగా అబ్బాయి తల్లిగారు చెల్లికి వాట్సాప్‌లో మెసేజ్‌లు పెట్టడం మొదలుపెట్టారు. "మేం కట్నం అడిగే మనుషులం కాదమ్మా" అని మొదలై, "మీ నాన్నగారు ఎలాగూ పెట్టాలనే అనుకుంటారుగా, ముప్ఫై లక్షలు, సిటీలో ఒక ఫ్లాటు" దాకా వచ్చింది. చెల్లి కుదరదంది. అప్పుడు వచ్చిన మెసేజ్ ఇది: "మీ అక్క రెండేళ్ళకే మొగుణ్ణి వదిలేసి వచ్చిందని మాకు చివర్లో తెలిసింది. అలాంటి ఇంటి పిల్లని చేసుకుంటున్నామంటే మీరూ కాస్త చూసుకోవాలి."

ఆ అక్కను నేనే.

చెల్లి ఊరుకోలేదు. నేనెందుకు వచ్చేశానో, ఆ ఇంట్లో నాకేం జరిగిందో, ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉన్నానో అంతా రాసి గట్టిగా జవాబిచ్చింది. చదువుతుంటే నాకు ఏడుపాగలేదు. నా గురించి అంత బాగా ఎవరూ మాట్లాడలేదు ఇంతవరకు. మర్నాడు పొద్దున ఆ చాట్ మొత్తం నాలుగు స్క్రీన్‌షాట్లుగా ఫేస్‌బుక్‌లో పెట్టింది. అవతలివాళ్ళ పేరు, నంబరు, ఫొటో కనబడకుండా నల్లరంగు పూసింది. సాయంత్రానికల్లా ఏవేవో పేజీలవాళ్ళు ఎత్తుకుపోయారు.

నేను ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మూడోరోజు మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో క్యారేజీ విప్పుతుంటే, ఎదురుగా కూర్చున్న మేడమ్ ఫోన్ బోర్లా పెట్టి, తన డబ్బాలోంచి వంకాయ కూర తీసి నా అన్నంలో వేసి, "ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పలేదేమ్మా" అన్నారు. ప్రేమగానే అన్నారు. చెల్లి ఇంటిపేరు, నా ఇంటిపేరు ఒకటే కదా, కలుపుకోవడం ఎంతసేపు. ఆ ముద్ద నాకు దిగలేదు.

చెల్లి చేసింది తప్పా? కట్నం అడిగినవాళ్ళ మాటల్ని నలుగురికీ చూపించకూడదా? చూపించొచ్చు అంటే, ఆ మాటల మధ్యలో ఉన్న నాలాంటివాళ్ళ సంగతేంటి? మీరంతా ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని ఉంది.

మానేరు ఒడ్డు:

అక్కా, మీ చెల్లె చేసింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. కట్నం ఇన్నేళ్ళు బతికిందే మూసిన తలుపుల వెనక. "లాంఛనాలు" అంటరు, "పిల్ల పేరు మీదనే గదా" అంటరు, రేపు అడిగితే మేమెప్పుడు అన్నమంటరు. 1961ల చట్టమొచ్చింది. అరవై ఏండ్లు దాటింది. ఇంతకాలం ఆడపిల్ల తండ్రి చేతిల రుజువు లేకుండె. ఇప్పుడు ఆ తల్లి తన వేళ్ళతోని తనే టైపు చేసి ఇచ్చింది. దాన్ని దాచిపెట్టుమని ఎట్ల చెప్తం?

2018ల తెలుగు సినిమా రంగంల ఏమైంది? అవకాశాల పేరుతోని ఏమేం అడుగుతున్నరో మెసేజ్‌లు బయటికొచ్చినంకనే గదా అందరూ మాట్లాడిన్రు. దానికి ముందు ఎన్నేండ్ల నుంచి గుసగుసలు లేవు? గుసగుసకు ఎవరు భయపడ్డరు? అదే ఏడాది అక్టోబరుల మీటూ అని దేశమంతా లేచింది. ఆడవాళ్ళు పెట్టిన చాట్లు లేకుంటే ఎవరు నమ్ముతుండె?

ప్రైవసీ అనే మాట ఎప్పుడూ బలమున్నోళ్ళనే కాపాడుతది. గా తల్లి ఇంకో సంబంధం చూసుకునేటప్పుడు, ఇంకో పిల్లను ఇట్లనే అడగకముందు ఒక్కసారి ఆగుతది. నాకు అది చాలు.

ఇన్‌ల్యాండ్ లెటర్:

అమ్మా తులసికోటా, నేను తపాలా శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మొదట్లో కోనసీమ లంక గ్రామాల్లో ఉత్తరాలు పంచాను. ఆ రోజుల్లో కువైట్, మస్కట్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళకి నెలకో ఉత్తరం వచ్చేది. ఇంట్లో చదువు రానివాళ్ళుంటే నన్నే చదివిపెట్టమనేవారు. ఒకావిడ నన్ను చూడగానే అత్తగారిని పెరట్లోకి ఏదో పని మీద పంపి, వీధి అరుగు మీద దూరంగా కూర్చుని, "ఆ ముక్క కాస్త మెల్లగా చదవండి బాబూ" అనేది. ఆ మెల్లగా చదివిన ముక్కలు ఎన్నో నా దగ్గరున్నాయి. మా ఆవిడకి కూడా చెప్పలేదు.

మాకు 1898 నాటి చట్టం ఉండేది. ఒకరి ఉత్తరం విప్పిన ఉద్యోగికి రెండేళ్ళ వరకు జైలు. కానీ జైలుకి భయపడి నోరు మూసుకున్నామంటే అది నిజం కాదు. ఆవిడ నా ముందు చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది, అందుకని మూసుకున్నాను.

అప్పటివాళ్ళకి ఏది ఎందులో రాయాలో తెలిసేది. కార్డు మీద "ఇక్కడ అందరం క్షేమం, మిగతా విషయాలు ముఖతా" అని రాసేవారు, ఎందుకంటే కార్డు దారిపొడుగునా అందరూ చదువుతారు. గుట్టు ఉంటే ఇన్‌ల్యాండ్ లెటర్ కొని మూడువైపులా అంటించేవారు. ఇప్పుడు మనం కవరనుకుని రాస్తున్నది అవతలివాళ్ళ చేతిలో కార్డయిపోతోంది.

మానేరు ఒడ్డు బాబూ, నీ కోపం నాకర్థమైంది. ఆ తల్లి మాటలు బయటపెట్టడం గురించి నాకు పెద్ద అభ్యంతరం లేదు. కానీ ఈ అమ్మాయి ఆసుపత్రి సంగతి ఆ తల్లి రాసింది కాదు. చెల్లెలు రాసింది, చెల్లెలే ఊరికి చదివి వినిపించింది. ఆ ముక్క మెల్లగా చదవాల్సిన ముక్క.

హాస్టల్ రూమ్:

నాకు ఇరవై ఒకటి. పెద్దవాళ్ళకి కోపమొస్తుందేమో గానీ మా దగ్గర స్క్రీన్‌షాట్ తీసి పంపడం అంటే పక్కనున్న ఫ్రెండ్‌ని "చూడవే, దీనికేం చెప్పను" అని అడగడమే. సారీ చెప్పే మెసేజ్ అయినా, నో చెప్పే మెసేజ్ అయినా ముందు ముగ్గురికి చూపించి, వాళ్ళు ఓకే అన్నాకే పంపుతాం. మనం పంపింది కూడా అటువైపు ముగ్గురు చూస్తారని తెలుసు. స్నాప్‌చాట్‌లో అయితే స్క్రీన్‌షాట్ తీసినట్టు అవతలివాళ్ళకి తెలుస్తుంది. వాట్సాప్ మామూలు చాట్‌లో అదీ తెలియదు. 2016 నుంచి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉందంటారు, కానీ అది దారి మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడుతుంది. ఆ చివర్న ఉన్న మనిషి నుంచి ఏ యాప్ కాపాడుతుంది?

అయితే ఒకటి చెప్పాలి. పోయిన సెమిస్టర్‌లో మా బ్యాచ్‌లో ఒకమ్మాయి పేరుతో చాట్ ఒకటి తిరిగింది. లెక్చరర్ గురించి చాలా అసహ్యంగా ఉంది. నాలుగు రోజులు ఎవరూ ఆ అమ్మాయి పక్కన కూర్చోలేదు. తర్వాత తేలిందేంటంటే, ఒకడు ఇంకో నంబరుని ఆ పిల్ల పేరుతో సేవ్ చేసుకుని, డీపీ పెట్టి, తనే రెండు ఫోన్లలో రాసుకున్నాడు. అంతే, పది నిమిషాల పని. నేను కూడా నమ్మాను. నేను కూడా మెస్‌లో ప్లేటు తీసుకుని వేరే బల్లకి వెళ్ళిపోయాను. తర్వాత సారీ చెప్పాను, తను పర్లేదంది. తన ముఖం చూస్తే పర్లేదని అనిపించలేదు.

అప్పటినుంచి స్క్రీన్‌షాట్ చూసి ఎవరినీ ఏమీ అనట్లేదు. తులసికోట అక్క చెల్లిది నిజమే, నేను నమ్ముతున్నాను. కానీ చూసిన వేలమందికి అది నిజమో కాదో తెలిసే దారేది?

నల్లకోటు:

గుంటూరులో ప్రాక్టీసు చేస్తాను, కుటుంబ కేసులే ఎక్కువ. చట్టం ఎంతవరకు వస్తుందో చెప్తాను.

ముందు ఒక మాట, మన తెలుగువాళ్ళు గర్వపడాల్సింది. 1962లో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ, రాజ్యాంగంలో ప్రైవసీ హక్కంటూ లేదంది. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు మాత్రం వ్యక్తి స్వేచ్ఛలో అది విడదీయరాని భాగమని వేరుగా తీర్పు రాశారు. అప్పుడది మైనారిటీ తీర్పు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం, ఆయన చెప్పిందే సరైనదంది. యాభై ఏళ్ళకి పైగా పట్టింది.

అయితే ఆ హక్కు ప్రధానంగా ప్రభుత్వం మీద వాడుకునేది. మీ చెల్లెలు, నా స్నేహితుడు ఒక చాట్ బయటపెడితే నేరుగా పట్టుకునే సెక్షన్ వెతకాల్సిందే. 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా వ్యక్తులు సొంత, ఇంటి అవసరాలకి వాడుకునే సమాచారాన్ని పక్కనపెట్టింది. ఫేస్‌బుక్‌లో లోకానికి పెట్టడం ఇంటి అవసరమా అన్నది వాదించాల్సిన విషయమే.

కట్నం సంగతికి వస్తే, అడగడమే నేరం. 1961 చట్టం నాలుగో సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ళ వరకు శిక్ష ఉంది. కాబట్టి ఆ మెసేజ్‌లు రహస్యం కాదు, సాక్ష్యం. కానీ సాక్ష్యాన్ని చూపించాల్సింది స్టేషన్‌లో, కోర్టులో. ఫేస్‌బుక్‌లో పెడితే అవతలివాళ్ళు పరువునష్టం వేయొచ్చు. నిజం చెప్పాను, లోకం మేలుకే చెప్పాను అని నిరూపించుకోవాల్సిన బరువు మీ మీద పడుతుంది. నిజమైతే చాలు అనుకుంటారు చాలామంది. క్రిమినల్ కేసులో నిజమొక్కటే చాలదు, ప్రజల మేలు కూడా చూపించాలి.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది కత్తిరించిన స్క్రీన్‌షాట్లు తెస్తారు. ఫోనేదమ్మా అంటే మార్చేశాం అంటారు. గుండె కలుక్కుమంటుంది. అసలు చాట్ ఉన్న ఫోను, దానితోపాటు చట్టం అడిగే సర్టిఫికెట్ లేకపోతే కోర్టులో ఆ బొమ్మ నిలబడటం కష్టం. ఫోను మార్చకండి, చాట్ చెరపకండి, మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి.

కోర్టులు కూడా ఈ విషయంలో ఒక్క మాట మీద లేవు. భార్యకి తెలియకుండా ఆమె ఫోన్ మాటలు రికార్డు చేయడం ప్రైవసీ ఉల్లంఘనేనని మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చాలా ఏళ్ళ క్రితమే అంది. 2025 జులైలో సుప్రీంకోర్టు, భార్యాభర్తల వివాదంలో అలాంటి రికార్డింగును సాక్ష్యంగా తీసుకోవచ్చంది. గమనించండి, జడ్జి ముందు పెట్టడానికి ఒప్పుకుంది. ఊరందరి ముందు పెట్టడం వేరు.

తులసికోట గారూ, మీ చివరి ప్రశ్నకి 1994లో జవాబు దొరికింది. మరణశిక్ష పడ్డ ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ ప్రచురణ కేసులో సుప్రీంకోర్టు, ఒక మనిషి సంసారం, పెళ్ళి, పిల్లలు ఇలాంటి విషయాల్ని ఆ మనిషి ఒప్పుకోలు లేకుండా ప్రచురించకూడదంది. అది నిజమైనా సరే, పొగుడుతూ రాసినా సరే. మీ చెల్లెలు మిమ్మల్ని పొగుడుతూనే రాసింది. అయినా అడగాల్సింది.

మానేరు ఒడ్డు:

నల్లకోటు సార్, మీరు స్టేషన్‌కి పొమ్మంటున్నరు. మా చిన్నమ్మ బిడ్డ పోయింది. మెసేజ్ చూసి "పెండ్లే కాలేదు గదమ్మా, సంబంధం వదిలేసుకుంటే అయిపాయె" అని పంపిచ్చిన్రు. అడుగుడే నేరమని మీకు తెలుసు, అక్కడ కూసున్నోళ్ళకు గుర్తుండాలె గదా. అందుకే పిల్లలు ఫేస్‌బుక్‌కు పోతున్నరు. అక్కడన్నా ఎవరో ఒకరు వింటరు.

కానీ అక్కా, నిన్న రాసినప్పుడు మీ ముచ్చట నేను సరిగ్గ చదవలే. ఆసుపత్రి మాట చదివి కూడా దాటిపోయిన. తాతగారు చెప్పినంక మళ్ళా మీ పోస్టు చదివిన. నేను గూడ ఆ స్క్రీన్‌షాట్ ఎక్కడో చూసి షేర్ కొట్టిననేమో, యాదికి లేదు. కొట్టి ఉంటే మాఫ్ చేయుండ్రి.

తులసికోట:

అందరికీ జవాబు రాయాలని రెండు రోజులుగా అనుకుంటున్నాను.

ఆదివారం చెల్లి వచ్చింది. ఈ చర్చ మొత్తం దానికి చదివి వినిపించాను. కువైట్ ఉత్తరం దగ్గర ఆపమంది. కాసేపయ్యాక "అడిగితే నువ్వు వద్దంటావని తెలుసక్కా, అందుకే అడగలేదు" అంది. అది నిజం. నేను వద్దనేదాన్ని. నేను వద్దంటే అది మొత్తం చాట్ పెట్టడమే మానేసేది, ఆ తల్లి ఇంకో ఇంటికి వెళ్ళి ఇవే మాటలు అనేది. నాకు దాని మీద కోపం నిలబడలేదు. కానీ వంకాయ కూర డబ్బా ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

ఇద్దరం కూర్చుని నాలుగు బొమ్మలూ మళ్ళీ చూశాం. మొదటి రెండింట్లో నా ఊసే లేదు, కట్నం మాటలే. అవి ఉంచాం. మూడో దాంట్లో ఆవిడ నా గురించి రాసింది ఉంది. అది కూడా ఉంచమని నేనే చెప్పాను, ఎందుకంటే ఆ మాట అన్నది ఆవిడ, సిగ్గుపడాల్సింది ఆవిడ. నాలుగోది, చెల్లి జవాబు, తీసేశాం. పేజీలవాళ్ళకి మెసేజ్‌లు పెట్టాం. ఒకరు వెంటనే తీసేశారు, ఒకరు చూసి జవాబివ్వలేదు. మిగతా చోట్ల అది అలాగే తిరుగుతోంది.

నల్లకోటు గారూ, ఫోను మార్చలేదు, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టాం. చెల్లి ఫిర్యాదు రాస్తోంది. ఈసారి నా గురించి ఏం రాయాలో నన్నడిగి రాస్తోంది. ఒక వాక్యం చాలన్నాను.

నాన్నకి ఫేస్‌బుక్ లేదు. కానీ రోజూ పొద్దున ఆయన కూర్చునే టీ కొట్టు దగ్గర అందరికీ ఉంది. వారం రోజులుగా టీ ఇంట్లోనే తాగుతున్నారు.