బాపు మెటాడోర్‌కు పాత ఇంజినే కట్టాలా, బొలెరో ఇంజిన్ వేయాలా?

హన్మకొండ మెటాడోర్
అందరికీ నమస్తే. మా బాపు పోయి ఏడాది దాటింది. ఆయన 1991 మోడల్ మెటాడోర్ వ్యాను ఇప్పుడు నా దగ్గరుంది, ఏపీ 36 బండి. 1998 మేడారం జాతర ముందు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. వెనక సీట్లు పీకేసి టేకు మంచం, మడత బల్ల, స్టవ్ పెట్టే గూడు చేయించాడు, పైన నీళ్ల ట్యాంకు ఎక్కించాడు. మేడారం, కాళేశ్వరం, బాసర, ఎక్కడికి పోయినా అందులోనే వంట, అందులోనే పడక. నాలుగేళ్లుగా షెడ్డులో నిలబడి ఉంది. ఇంజిన్ తిరగడం లేదు. ఫ్లోరు తుప్పు, డ్రైవర్ డోర్ కింద చెయ్యి పట్టేంత రంధ్రం.

ఆటోనగర్‌లో ఇద్దరు మేస్త్రీలకు చూపించాను. ఒకాయన పాత ఇంజినే బోర్ చేసి, లైనర్లు పిస్టన్లు మార్చి, డీజిల్ పంపు క్యాలిబ్రేషన్ చేయించి కడతానంటున్నాడు. ఇంకొకాయన దాన్ని తీసిపారేసి బొలెరో ఇంజిన్, పవర్ స్టీరింగ్, ఏసీ పెడదాం అంటున్నాడు. ఖర్చులో పెద్ద తేడా లేదు. ఏది మేలు?

ములుగు రోడ్డు
ముందు ఫొటో పెట్టు అన్నా.

కాజీపేట డీజిల్
పాత ఇంజినే. ఇందులో ఆలోచించేది ఏముంది తమ్మీ? అది మెర్సిడెస్ ఓఎం 616, బజాజ్ టెంపో వాళ్లు లైసెన్సు తీసుకుని ఇక్కడ తయారు చేసింది. 2.4 లీటర్లు, నాలుగు సిలిండర్లు. టెంపో ట్రాక్స్‌కు కూడా అదే కాబట్టి సామాన్లు ఇంకా దొరుకుతాయి, కొంచెం తిరగాలి అంతే.

బోరు దాకా పోకముందు ఒక పని చెయ్. డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి ఒక్కో సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి రెండ్రోజులు వదిలెయ్. తర్వాత చేత్తో తిప్పి చూడు, తొందరపడి సెల్ఫ్ కొట్టకు. నిలబడ్డ బండికి చాలాసార్లు రింగులు పట్టుకుని ఉంటాయి, ఇంజిన్ చెడిపోయి ఉండదు. డీజిల్ ట్యాంకు దింపి కడిగించు, బ్రేకు సిలిండర్లలో రబ్బర్లన్నీ మార్చు. పంపు ఆ తర్వాత.

బొలెరో ఇంజిన్ అన్నాయనను ఒక్కటే అడుగు. మెటాడోర్ ముందు చక్రాలతో లాగే బండి, బొలెరో వెనక చక్రాలతో. గేరుబాక్సు ఏం చేస్తావు అని. జవాబు చెబితే నాకూ చెప్పు.

పాత ఇనుము
అమ్మెయ్ భయ్. ఫ్లోరులో తుప్పు కనబడితే పిల్లర్లలో కూడా ఉన్నట్టే. టింకరింగ్ ఆయన లప్పం కొట్టి రంగేస్తాడు, రెండు వానాకాలాలకు మళ్లీ మొదటికే.

రూల్‌బుక్
ఇంజిన్ సంగతి తర్వాత. ఆర్సీ ఎవరి పేరు మీద ఉంది? ఓనర్ చనిపోతే 30 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి, మూడు నెలల్లో ఫారం 31 ఇచ్చి వారసుల పేరు మీదికి మార్పించుకోవాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 56వది చదువుకోండి. ఏడాది దాటిందంటున్నారు.

రెండోది, 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52. కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. వేరే కంపెనీ ఇంజిన్ వేసి ఆఫీసుకు తీసుకుపోతే ఏమవుతుందో ఊహించుకోండి.

మూడోది, లోపల మంచం అన్నారు. ఆర్సీలో సీట్లు ఎన్ని?

హన్మకొండ మెటాడోర్
ఆర్సీ బాపు పేరు మీదే ఉంది సార్. పది సీట్లు అని రాసి ఉంది. 2021లో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాడు. ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ చెకింగ్‌కు పోయే ముందురోజు మంచం దింపి, అటక మీది సీట్లు తెచ్చి బిగించేవాడు. పని అయ్యాక మళ్లీ మంచం. ఎవరూ ఏమీ అనలేదు.

రూల్‌బుక్
ఎవరూ ఏమీ అనకపోతే సరైనదైపోదు. సీట్లు తీసి మంచం బోల్టులతో బిగించారంటే అది మార్పు కిందికే వస్తుంది.

కాజీపేట డీజిల్
మంచం సామాను సార్. బండిలో బియ్యం బస్తా పెట్టుకుంటే కూడా మార్పేనా?

రూల్‌బుక్
బస్తాకు బోల్టు వేయరు.

కాజీపేట డీజిల్
బోల్టు వేయకుండా మంచం పెడితే మూలమలుపులో లోపలున్నవాళ్ల నడుములు విరుగుతాయి. భద్రత కోసం వేసిన బోల్టు తప్పెట్లయింది?

రూల్‌బుక్
తప్పు బోల్టు కాదు, సీటు లేకపోవడం. పది సీట్లని రాసి ఉన్నచోట రెండే కనబడితే రాసింది, ఉన్నది వేరు అయినట్టే. ఇంతకంటే తేలికగా చెప్పలేను.

కోట గుమ్మం
ఇంత తిప్పలెందుకు? వింటేజ్ కింద రిజిస్టర్ చేయించు. వీఏ అని ప్రత్యేక నంబర్ ప్లేటు ఇస్తున్నారు కదా.

రూల్‌బుక్
ఇస్తున్నారు, 2021 నుంచి. కానీ బండికి 50 ఏళ్లు నిండాలి. ఇది 1991ది. నిండినా అసలు రూపం మారి ఉండకూడదు. రోజువారీ తిరగడానికి కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు, డీజిల్ కొట్టించుకోవడం, అంతవరకే. దాంట్లో బాసర పోలేరు. మామూలు రెన్యువలే దారి. 20 ఏళ్లు దాటిన ఈ తరగతి బండ్లకు ఫీజు 2025 ఆగస్టులో పది వేలు చేశారు, అది కూడా లెక్కలో వేసుకోండి.

జీడీకే సెకండ్ షిఫ్ట్
ఇంజిన్ మార్చొద్దు, నా మాట విను. మా నాయిన జీపుకు మా అన్న ఎవరికీ చెప్పకుండా వేరే ఇంజిన్ ఎక్కించాడు. చెకింగ్‌లో నంబరు కలవలేదు, బండి పట్టుకపోయారు. విడిపించడానికి అన్న రాలేదు. డ్యూటీ ఎగ్గొట్టి ఆఫీసుల చుట్టూ తిరిగింది నేను. ఇప్పటికీ ఆ పైసలు అడిగితే "నాయిన బండి కదా, నీకూ బాధ్యత లేదా" అంటాడు.

మానేరు ఒడ్డు
ఒక సందేహం తమ్ముడూ. ఫారం 31తో పాటు మిగతా వారసులకు అభ్యంతరం లేదని సంతకాలు కూడా అడుగుతారు. అమ్మ ఉన్నారా? తోబుట్టువులు?

హన్మకొండ మెటాడోర్
అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఒక అక్క, మంచిర్యాలలో. ఆమెకు బండితో పనేం లేదు. మనం ఇంజిన్ గురించి మాట్లాడుకుందాం.

కాజీపేట డీజిల్
హీటర్ ప్లగ్గులు కూడా నాలుగూ చెక్ చెయ్ తమ్మీ. చలికాలం పొద్దున స్టార్ట్ కావాలంటే అవే. పాత పంపు మైకో కంపెనీది ఉండాలి, ప్లేటు చూసి నంబరు చెప్పు.

మానేరు ఒడ్డు
పనేం లేదని ఆమె చెప్పారా, మీరు అనుకున్నారా?

బండి మీ బాపు సొంత సంపాదన. వీలునామా లేకపోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకు, బిడ్డ ముగ్గురికీ సమాన వాటా. తాతల ఆస్తిలో బిడ్డలకు వాటా ఇచ్చిన 2005 సవరణ దాకా పోనవసరం కూడా లేదు, సొంత ఆస్తిలో బిడ్డకు వాటా మొదటి నుంచీ ఉంది. బండికి కూడా అంతే.

ఎందుకు అడుగుతున్నానంటే, మా బాపు పోయినప్పుడు ట్రాక్టరు పేరు మార్చాలని, "ఉత్త ఫార్మాలిటీ అక్కా" అని నాతో సంతకం పెట్టించుకున్నారు మా తమ్ముళ్లు. నెల తిరగకుండా అమ్మేశారు. ఎంతకు అమ్మారో కూడా నాకు చెప్పలేదు. ఆ ట్రాక్టరు ట్రాలీలో కూర్చుని నేను పరీక్షలకు చదువుకున్నాను. పైసలు అడగలేదు నేను, ఒక్క మాట చెబితే చాలనుకున్నాను.

పాత ఇనుము
అయ్యో, మెటాడోర్ ముచ్చట్లో ట్రాక్టర్ లొల్లి.

హన్మకొండ మెటాడోర్
అక్కా, మీకు జరిగినదానికి నేనేం చేస్తాను? మా అక్క పెళ్లికి బాపు చేయాల్సిందంతా చేశాడు, బంగారం, బండి, ఇంటి సామాను. అప్పుడు వాటాలు ఎవరూ లెక్కపెట్టలేదు. షెడ్డు కిరాయి ఎవరు కడుతున్నారు? నేను. ఇన్సూరెన్స్? నేను. బాపు ఆసుపత్రిలో ఉన్నన్ని రాత్రులు బయట బెంచీ మీద కూర్చున్నది ఎవరు? జ్ఞాపకాలు అందరివీ, బిల్లులు ఒక్కడివి. ఇది ఏ చట్టంలో ఉంది?

జీడీకే సెకండ్ షిఫ్ట్
ఈ ఒక్క మాటకు నా ఓటు తమ్ముడికే.

రూల్‌బుక్
ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీద కడుతున్నారు? చనిపోయిన మనిషి పేరు మీద కడితే, యాక్సిడెంట్ అయిన రోజు కంపెనీ మొదట అడిగేది అదే.

పాత ఇనుము
నాకు ఒకటి అర్థం కావడం లేదు భయ్. బాపు గుర్తుగా పెట్టుకునే బండికి ఏసీ, పవర్ స్టీరింగ్ ఎందుకు? ఏసీ లేకుండానే కదా మీరు బాసర పోయింది?

హన్మకొండ మెటాడోర్
ఊరికే పెట్టుకోవడానికి లక్షలు పోస్తానా? శని ఆదివారాలు కిరాయికి తిప్పుదామని. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి హైదరాబాద్ జనం ఇటువైపు బాగా వస్తున్నారు. రామప్ప, లక్నవరం, వానాకాలమైతే బొగత, రాత్రి బండిలోనే పడక. ఏసీ లేకపోతే ఎవరెక్కుతారు? బండి తన ఖర్చు తాను సంపాదించుకుంటే బతుకుతుంది, లేకపోతే షెడ్డులోనే మట్టి అవుతుంది.

కాజీపేట డీజిల్
ముందే ఎందుకు చెప్పలేదు? బాపు బండి అన్నావని నేను నాజిళ్ల దగ్గర్నుంచి రాసుకుంటూ వచ్చాను. కిరాయి బండి కావాలంటే మంచి కండిషన్‌లో ఉన్న ట్రావెలర్ వ్యాను కొనుక్కో, ఈ ముసలిదాన్ని ఎందుకు కోయడం?

రూల్‌బుక్
ఇది సొంత వాడకం ఆర్సీ, తెల్ల ప్లేటు. కిరాయికి తిప్పాలంటే ట్రాన్స్‌పోర్ట్ కింద మార్పించి, పర్మిట్ తీసుకుని, పసుపు ప్లేటు పెట్టాలి. కిరాయి ప్యాసింజర్లు లోపలుండగా ఏదైనా జరిగితే సొంత బండి పాలసీ ఆదుకోదు. ఇక్కడ వివాదం లేదు.

మానేరు ఒడ్డు
ఇప్పుడు అసలు ముచ్చట బయటికొచ్చింది. మీ అక్కకు ఈ కిరాయి సంగతి తెలుసా?

హన్మకొండ మెటాడోర్
తెలుసు. అందుకే మాట్లాడటం లేదు. సరేనా? మంచం ఎలా ఉందో అలాగే ఉంచాలట. దాని కింది పలక మీద చిన్నప్పుడు ఏవో బొమ్మలు గీసుకుంది. చెద పట్టింది, తీయించాను. ఒక వైపు చెక్క బాగుంది కాబట్టి వడ్రంగి దగ్గర అమ్మకు చిన్న పీట చేయించాను. ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెడితే అక్క గ్రూపులోంచి వెళ్లిపోయింది. చెద పట్టిన చెక్కను పూజించాలా? ఆమె ఏడాదికి ఒకసారి బతుకమ్మకు వచ్చి బండిలో కూర్చుని ఫొటో దిగుతుంది. మిగతా రోజులు దాన్ని చూసుకునేది నేను.

ములుగు రోడ్డు
బొమ్మలున్న పలక తీసేముందు ఒక ఫోన్ చేస్తే అయిపోయేది అన్నా.

కోట గుమ్మం
చెద అంటుకుంటే ఫోన్ చేసేదాకా ఆగుతుందా? తీయించింది సరైందే. ఖర్చులో చెయ్యి వేయనివాళ్లు సలహాలు మాత్రం ఇస్తారు, మా ఇంట్లో కూడా ఇదే బాధ.

మానేరు ఒడ్డు
ఖర్చులో చెయ్యి వేయమని అడిగారా ఆమెను? అడగకుండానే "వేయలేదు" అంటే ఎట్లా? బిల్లులు ఒక్కడివి అన్నారు, బాధ నిజమే, కాదనను. అయితే ఆ బిల్లులు ముందర పెట్టి, ఇంత అయింది, ఇంత అవుతుంది, కిరాయికి తిప్పితే ఇంత వస్తుందనుకుంటున్నాను, నీ వాటా ఉంచుకుంటావా, విడిచిపెడతావా అని అడగండి. ఉంచుకుంటానంటే ఖర్చులో సగం ఆమెది, వచ్చేదాంట్లోనూ వాటా ఆమెది. మీరు ఖర్చు పేరు చెప్పి నిర్ణయం మొత్తం తీసుకుంటున్నారు. నా అభ్యంతరం అక్కడే.

హన్మకొండ మెటాడోర్
సగం ఖర్చు పెడతానని, కానీ ఏసీ వద్దు, కిరాయి వద్దు, మంచం మళ్లీ అట్లాగే చేయించు అంటే? అప్పుడు నేనేం చేయాలి? సగం పైసలకు మొత్తం మాట ఆమెదవుతుందా?

జీడీకే సెకండ్ షిఫ్ట్
అప్పుడు ఎవరో ఒకరు రెండోవాళ్లకు వాటా ధర కట్టి తీసుకోవాలి. మా జీపుకు ఆ పని మొదటి రోజే చేసి ఉంటే అన్నతో ఈ పగ ఉండేది కాదు.

పాత ఇనుము
ధర ఎంతని కడతారు? ఇనుము ధరకా, బాపు ధరకా? ఇనుముదైతే నేను చెబుతాను, మీ ఇద్దరికీ నచ్చదు.

కాజీపేట డీజిల్
అమ్మ ఏమంటుంది తమ్మీ? ఇంతసేపూ ఎవరూ అడగలేదు. మూడో వాటా ఆమెది.

హన్మకొండ మెటాడోర్
అమ్మకు ఆ బండి మొదటి నుంచీ ఇష్టం లేదు. "జాతరకు పోయినా నాకు వంట తప్పలేదు, మీకందరికీ సరదా" అంటుంది. అమ్మేసి ఇద్దరూ పంచుకోండి, నాకు పైసా వద్దు అంటోంది.

ఫారం 31కి సంతకం ఎట్లాగూ కావాలి కాబట్టి ఆదివారం మంచిర్యాల పోతున్నాను. కిరాయి ప్లాను మానేస్తానని మాత్రం ఎవరూ అనుకోవద్దు. ఇద్దరు మేస్త్రీల లెక్కలూ, షెడ్డు రసీదులూ పట్టుకుపోతాను.

మానేరు ఒడ్డు
పీట కూడా పట్టుకుపోండి.

హన్మకొండ మెటాడోర్
అది అమ్మ ఇవ్వదు.

రూల్‌బుక్
సంతకం అయ్యాక కూడా ఫిట్‌నెస్ ఉంది. రెన్యువల్ గడువు 2026లోనే. పాత సీట్లు అటక మీద భద్రంగా ఉన్నాయా?

హన్మకొండ మెటాడోర్
రెండు ఉన్నాయి. మిగతావి బాపు ఉన్నప్పుడే టెంట్ హౌస్ వాళ్లకు ఇచ్చేశాడు.

రూల్‌బుక్
మరి 2021లో పది సీట్లు ఎక్కడివి చూపించారు?

హన్మకొండ మెటాడోర్
టెంట్ హౌస్ నుంచి ఒకరోజుకు అడిగి తెచ్చాడు.

కాజీపేట డీజిల్
బాపుకు దండం. వాటికి బోల్టులు వేశాడా సార్, లేదా?